గ్యారేజీలో కంప్యూటర్‌ని ఎలా బతికించుకుంటున్నారు? నాకు రెండోది కూడా పోయేలా ఉంది

చెక్కపొడి_మనిషి
గ్యారేజీలో కంప్యూటర్ ఎందుకు అని అడిగేవాళ్లు ఈ పోస్టు దాటేసి వెళ్లొచ్చు, ఆ ప్రశ్న ఇంట్లో రోజూ వింటూనే ఉన్నా. కారు పక్కన మిగిలిన జాగాలో నా వడ్రంగం పని. టేబుల్ రంపం, శాండర్, ఒక చిన్న సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మిషన్. డ్రాయింగులు చూసుకోడానికి, సీఎన్‌సీకి జీకోడ్ (ఎటు కదలాలో చెప్పే ఆదేశాలు) పంపడానికి, పాటలకి అని ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి బల్ల కింద పెట్టా. అది పద్నాలుగు నెలలకి పోయింది. ఇప్పుడున్నది రెండోది, అదీ అదే దారి పట్టింది.

దీనికి రెండు జబ్బులు. ఒకటి, గంట నడిచాక ఫ్యాన్ విమానం లేచినట్టు అరుస్తుంది, కాసేపటికి మొత్తం టక్కున ఆగిపోతుంది. రెండోదే ఎక్కువ చిరాకు. సీఎన్‌సీ చెక్క కోస్తూ కోస్తూ మధ్యలో నిలబడిపోతుంది. కంప్యూటర్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది, పాట కూడా మోగుతూనే ఉంటుంది, కానీ తెర మీద మిషన్‌తో కనెక్షన్ తెగింది అని వస్తుంది. నిన్న మూడు గంటల పని ఆఖరి పది నిమిషాల్లో ఇలాగే పాడైంది.

పక్క మూత తీసి చూశా. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య పొట్టు పేరుకుని దుప్పటిలా అయింది, గోరుతో గీకితే ఒకే ముక్కగా చాపలా ఊడొచ్చింది. అందుకే మొత్తం తీసుకెళ్లి ఒక పెట్టెలో పెట్టి మూసేద్దామనుకుంటున్నా. ఎవరైనా ఇలా చేశారా?

రంపపుమోత
మూసేస్తే పొట్టుతో చావాల్సింది ఉడికి చస్తుంది, అంతే తేడా.

పాతలాప్‌టాప్
డెస్క్‌టాప్ అనేదే తప్పు ఎంపిక. అందులోనూ బల్ల కింద. పొట్టంతా దిగేది అక్కడికే కదా. ఇంట్లో ఎవరూ వాడని లాప్‌టాప్ ఒకటి తీసుకెళ్లి గోడకి అల్మరా కొట్టి ఛాతీ ఎత్తులో పెట్టు, పని అయ్యాక మూత మూసెయ్యి. పోతే పోయింది, ఇంకొకటి. నాది ఆరేళ్లుగా నడుస్తోంది, రెండు కీలు లేవు, ఒక మూల పగిలింది, దాని మీద నాకే బెంగా లేదు. గ్యారేజీ కంప్యూటర్ అంటే ఉప్పుకాగితం లాంటిది, అరిగేదాకా వాడుకోవడమే.

పెట్టెలో_పెట్టె
పెట్టె ఆలోచన తప్పు కాదు, మూసెయ్యడం తప్పు. నేను చేసింది చెప్తా, కాస్త పొడుగవుతుంది.

ప్లైవుడ్‌తో పెట్టె కట్టా, లోపల మామూలు డెస్క్‌టాప్. కింద పక్కగా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, రెండూ గాలిని లోపలికే తోస్తాయి. వాటి ముందు కారు ఏసీ ఫిల్టర్ ఒకటి పట్టేలా చట్రం. బయటికి లాగే ఫ్యాన్ ఒక్కటి కూడా లేదు, పెట్టకూడదు కూడా. వెనక పైభాగంలో ఒక సన్నటి చీలిక వదిలా, దాని మీద చూరులా వంచిన రేకు, పైనుంచి పొట్టు రాలకుండా. ఇప్పుడు లోపలి గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి వైర్లు వెళ్లే కంతలు, తలుపు సందులు, ఎక్కడ ఖాళీ ఉన్నా గాలి బయటికే పోతుంది, పొట్టుని లోపలికి పీల్చుకోదు. అదే లాగే ఫ్యాన్ పెట్టావనుకో, ప్రతి సందూ ఒక పొట్టు గొట్టం అవుతుంది. చాలామంది పెట్టె కట్టి మరీ దెబ్బతినేది ఇక్కడే.

ఫిల్టర్ నెలకోసారి దులుపుతా, బాగా నల్లబడితే మారుస్తా. రెండున్నరేళ్ల తర్వాత మూత తీస్తే లోపల ఇంట్లో కంప్యూటర్‌కి పట్టేంత దుమ్ము కూడా లేదు.

సగంపని
నేనూ ఇలాంటి పెట్టె మొదలుపెట్టా. నాలుగు పక్కల్లో మూడు అయ్యాయి. ప్రస్తుతం అందులో పెయింటు డబ్బాలున్నాయి.

పాతలాప్‌టాప్
@పెట్టెలో_పెట్టె నెలకోసారి ఫిల్టర్ దులిపే ఓపిక ఉన్నవాడికి మామూలు కంప్యూటర్నే నెలకోసారి దులుపుకోడానికి ఏం కష్టం?

పెట్టెలో_పెట్టె
@పాతలాప్‌టాప్ ఫిల్టర్ దులపడం అర నిమిషం పని. మూత విప్పి, హీట్‌సింక్ ఊడదీసి, మళ్లీ థర్మల్ పేస్ట్ రాసి బిగించడం అర పూట పని. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) కోసేవాణ్ని అడుగు, ఆ పొడి ఎంత సన్నగా ఉంటుందో. అది దులిపితే పోయేది కాదు, మెత్తుకుపోతుంది.

బుల్లిపెట్టె
అసలు ఫ్యాన్ లేని మిషన్ తీసుకుంటే ఈ గొడవే లేదు కదా. పైన అల్యూమినియం రేకులతో వచ్చే మినీ పీసీలు ఉంటాయి, ఆ ఒళ్లే హీట్‌సింక్. గాలి లాగదు కాబట్టి పొట్టు లోపలికి పోయే దారి లేదు. పైన పడిన పొట్టుని పెయింటు బ్రష్‌తో తుడిస్తే సరి. కాకపోతే రేకులు నిలువుగా ఉండేలా గోడకి బిగించాలి, పడుకోబెడితే వేడి పైకి పోక తిప్పలు. జీకోడ్ పంపడానికైతే రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ కూడా చాలు, యూనివర్సల్ జీకోడ్ సెండర్ అనే సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుంది.

ఇంకోటి, హార్డ్‌డిస్క్ ఉంటే తీసెయ్యి, ఎస్‌ఎస్‌డీ వెయ్యి, అందులో తిరిగే భాగాలుండవు. బల్ల మీద సుత్తి దెబ్బ పడిన ప్రతిసారీ లోపల తిరిగే డిస్కుకి గుండె ఆగినంత పని అవుతుంది.

చెక్కపొడి_మనిషి
అయ్యో, నా మొదటి కంప్యూటర్‌లో పోయింది డిస్కే. బల్లకే బిగించి ఉంది. అదే బల్ల మీద ఉలి కొడతా.

రంపపుమోత
నీది హత్యే, సహజ మరణం కాదు.

వెల్డింగ్‌సెగ
చెక్క పొట్టుకే ఇంత ఏడిస్తే ఎలా. నాది ఇనుము పని. గ్రైండర్ నుంచి వచ్చే రజను కరెంట్ పారనిస్తుంది, బోర్డు మీద రెండు కాళ్ల మధ్య పడితే షార్ట్ అయి అక్కడికక్కడే ఖతం. చెక్క పొట్టు నెమ్మదిగా చంపుతుంది, ఇనుప రజను చెప్పాపెట్టకుండా చంపుతుంది. అయస్కాంతం ఉన్న ప్రతి చోటికీ వెళ్లి గడ్డంలా అతుక్కుంటుంది కూడా, స్పీకర్లు చూడండి ఒకసారి.

నిప్పురవ్వల సంగతి సరే సరి. మానిటర్ గ్రైండర్‌కి ఎదురుగా ఉండేది, ఆరు నెలల్లో తెర మీద మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. రవ్వ కరిగి అతుక్కున్నాక గీకినా రాదు. ఇప్పుడు ముందు పాలీకార్బనేట్ షీట్ ఒకటి వేలాడదీశా. షీట్ పాడైతే మార్చుకోవచ్చు.

గ్రీజుచేతులు
నాది కారు పని. నాకు లాప్‌టాపే దిక్కు, ఎందుకంటే బండి చుట్టూ తిరగాలి. ఓబీడీ పోర్టుకి (బండిలో లోపాలు చదివే సాకెట్) తగిలించి కోడ్లు చదవడం, లైవ్ డేటా చూడడం వరకు ఏ డొక్కు లాప్‌టాప్ అయినా సరే. కానీ ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కొత్త సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు మాత్రం డొక్కుదాన్ని నమ్మకండి. ఒకసారి 60 శాతం రాసేసరికి నా లాప్‌టాప్ బ్యాటరీ పడిపోయింది, ఛార్జర్ పిన్ను వదులుగా ఉన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఈసీయూ ఇటుకైంది. బండి స్టార్ట్ కాలేదు, బోర్డు విప్పి బెంచి మీద మళ్లీ రాయించాల్సి వచ్చింది. అప్పట్నుంచి రెండు ఛార్జర్లు, ఒకటి లాప్‌టాప్‌కి, ఒకటి బండి బ్యాటరీకి. రాసేటప్పుడు బండి వోల్టేజీ పడిపోయినా అదే గతి.

కీబోర్డు గురించి ఎవరూ చెప్పలేదు. సిలికాన్ రబ్బరుది, కడుక్కునేది తీసుకోండి. టైపు చెయ్యడానికి పరమ దరిద్రంగా ఉంటుంది, కానీ సబ్బు పెట్టి తోమొచ్చు.

సగంపని
టచ్ స్క్రీన్ పెట్టుకుంటే కీబోర్డే అక్కర్లేదు కదా

గ్రీజుచేతులు
చేతికి గ్లౌజు వేసుకుని మామూలు టచ్ స్క్రీన్ నొక్కి చూడు. ఫోన్లలో వచ్చేది కెపాసిటివ్, చర్మం తగలాలి. గ్లౌజుతో పనిచేయాలంటే ఒత్తిడితో నడిచే రెసిస్టివ్ రకం కావాలి, ఫ్యాక్టరీ మిషన్లకి ఉండేది. పైగా గ్రీజు వేలితో ఒక్కసారి నొక్కితే ఆ మరకలోంచే డ్రాయింగు చూడాలి.

ఇంకో మాట, కారు ఉన్న గ్యారేజీ కాబట్టి చెప్తున్నా. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. కంప్యూటర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఏదైనా సరే నేల మీద పెట్టొద్దు, నడుం ఎత్తుకి ఎక్కించండి. బల్ల కింద అన్నావు చూడు, అది చదివినప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

రాగితీగ
అందరూ మొదటి జబ్బుకే మందు రాస్తున్నారు. రెండోది ఎవరూ పట్టించుకోలేదు. మిషన్ కనెక్షన్ తెగేది పొట్టు వల్లా వేడి వల్లా కాదు, కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది అన్నాడు కదా. @చెక్కపొడి_మనిషి రెండు ప్రశ్నలు. కోసేటప్పుడు పొట్టు లాగడానికి వాక్యూమ్ పెడతావా? పెడితే దాని గొట్టం మామూలు ప్లాస్టిక్కేనా?

చెక్కపొడి_మనిషి
పెడతా. మామూలు షాప్ వాక్యూమ్, మెలికల ప్లాస్టిక్ గొట్టం, స్పిండిల్‌కే (కోసే బిట్టుని తిప్పే మోటారు) కట్టేసి ఉంటుంది. దానికీ దీనికీ ఏం సంబంధం?

రాగితీగ
ఎండు పొట్టు ప్లాస్టిక్ గొట్టం లోపల రాసుకుంటూ పోతుంటే స్టాటిక్ కరెంట్ పుడుతుంది. పని చేసేటప్పుడు ఆ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడు, వెంట్రుకలు లేస్తాయి. ఆ ఛార్జి పేరుకుని పేరుకుని ఒక్కసారి మిషన్ ఒంటి మీదికి దూకుతుంది. అక్కణ్నుంచి యూఎస్‌బీ కేబుల్‌కి, దాంతో మిషన్‌ని నడిపే కంట్రోలర్ బోర్డు రీసెట్ అవుతుంది, లేదా కంప్యూటర్ ఆ పోర్టుని వదిలేస్తుంది. పాట మోగుతూనే ఉంటుంది, మిషన్ మాత్రం నిలబడుతుంది. నువ్వు చెప్పింది అచ్చం ఇదే.

కానీ నా మాట నమ్మి ఏదీ కొనకు, ముందు పరీక్ష చెయ్యి. ఒకే ఫైలు మూడుసార్లు. మొదటిసారి చెక్క లేకుండా గాల్లో, స్పిండిల్ ఆన్, వాక్యూమ్ ఆఫ్. రెండోసారి గాల్లోనే, వాక్యూమ్ ఆన్. మూడోసారి చెక్క పెట్టి నిజంగా కొయ్యి. మొదటిదాంట్లోనే తెగితే తప్పు స్పిండిల్ దగ్గర్నుంచి వచ్చే నాయిస్‌ది, లేదా కేబుల్‌ది. వాక్యూమ్ స్విచ్ వేసిన క్షణంలోనే తెగితే మోటారు ఒక్కసారిగా కరెంట్ లాగడం వల్ల. మూడోదాంట్లో మాత్రమే, అదీ కాసేపయ్యాక తెగితే స్టాటిక్.

ఊరికే_చదువరి
ఒక చిన్న మాట. విండోస్‌లో యూఎస్‌బీ పోర్టుల్ని కరెంట్ ఆదా కోసం తనంతట తనే ఆపేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. పరీక్షకి ముందే అది తీసెయ్యండి. స్లీప్ కూడా.

వెల్డింగ్‌సెగ
@రాగితీగ చెప్పేది నిజమే, నా దగ్గర టిగ్ వెల్డింగు ఆర్క్ మొదలయ్యే హై ఫ్రీక్వెన్సీకే మౌస్ చచ్చిపోతుంది. మూడడుగుల్లో ఉన్న వైర్‌లెస్ కీబోర్డు కూడా. వెల్డింగు చేసేటప్పుడు లాప్‌టాప్ వైర్లన్నీ పీకేస్తా, అదొక్కటే మందు. ఎర్త్ క్లాంపు కూడా పనికి దగ్గర్లో పెట్టుకోవాలి, ఎక్కడో బల్ల కాలికి పెడితే ఆ కరెంట్ తిరిగి వెళ్లే దారిలో నీ కంప్యూటర్ కూడా ఉండొచ్చు.

చలిపొద్దు
మధ్యలో దూరుతున్నా, తేమ గురించి ఎవరూ అనలేదు. మా దగ్గర రాత్రిళ్లు గ్యారేజీ గడ్డకడుతుంది. పొద్దున షటర్ ఎత్తితే బయటి తడిగాలి లోపలికొచ్చి చల్లటి ఇనుము మీద చెమటలా పడుతుంది, రంపం బల్ల తుప్పు పట్టేది అందుకే. కంప్యూటర్ లోపల కూడా అదే జరుగుతుంది, మనకి కనపడదంతే. నేను రాత్రిళ్లు కూడా ఆపను, ఆన్‌లోనే వదిలేస్తా, ఆ కాస్త వెచ్చదనానికి తేమ పట్టదు. పొద్దున్నే ఎల్‌సీడీ తెర మాత్రం కొంచెం సేపు బద్ధకంగా ఉంటుంది, అక్షరాలు తోకలు వదులుతూ కదులుతాయి. అది మామూలే, పాడైందనుకోకండి.

లాప్‌టాప్‌ని చల్లటి గ్యారేజీలోంచి వెచ్చటి ఇంట్లోకి తెచ్చేవాళ్లు గాలి చొరని కవర్లో పెట్టి తెచ్చి, అది గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకండి. అప్పుడు తేమ కవరు మీద పడుతుంది, మిషన్ మీద కాదు.

బుల్లిపెట్టె
@ఊరికే_చదువరి అసలు సీఎన్‌సీకి కంప్యూటర్ తగిలించి ఉంచడమే ఎందుకు? ఆఫ్‌లైన్ కంట్రోలర్ అని అరచేతిలో పట్టేంత డబ్బా వస్తుంది. ఎస్‌డీ కార్డులో ఫైలు వేసి గుచ్చితే అదే నడిపిస్తుంది. విండోస్ అప్‌డేట్ వచ్చి మధ్యలో రీస్టార్ట్ అవుతుందన్న భయం కూడా ఉండదు.

రంపపుమోత
అప్‌డేట్ అంటే గుర్తొచ్చింది. విండోస్ 10 కి సపోర్టు 2025 అక్టోబర్ 14 తో అయిపోయింది. మన గ్యారేజీల్లో ఉన్నవన్నీ ఆ కాలం మిషన్లే, వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. మీరేం చేస్తున్నారు?

పాతలాప్‌టాప్
ఏం చెయ్యట్లేదు. నెట్ పీకేశా. అప్‌డేట్ లేదు, రీస్టార్ట్ లేదు, ప్రాణం హాయిగా ఉంది.

బుల్లిపెట్టె
నెట్ పీకేసి ఫైళ్లు ఎలా తెస్తున్నావు, పెన్‌డ్రైవ్‌లోనే కదా. వైరస్ వచ్చే దారుల్లో అదీ ఒకటి. లినక్స్ వెయ్యి, పాత లాప్‌టాప్‌కి తేలిగ్గా ఉండేవి బోలెడున్నాయి.

పాతలాప్‌టాప్
రెండు కీలు లేని లాప్‌టాప్‌లో లినక్స్ కమాండ్లు కొట్టమంటావా. లేని కీల్లో ఒకటి ఎంటరు.

సగంపని
😂😂 ఎంటరు లేకుండా ఆరేళ్లు ఎలా బతికావు అన్నా

పాతలాప్‌టాప్
పక్కన నంబర్ల దగ్గర ఇంకో ఎంటరు ఉంటుంది తమ్ముడూ. జీవితంలో అన్నిటికీ రెండో దారి ఉంటుంది.

చెక్కపొడి_మనిషి
ఫలితాలు. ముందు విండోస్‌లో ఆ యూఎస్‌బీ సెట్టింగ్ తీసేశా. పరీక్ష ఒకటి, గాల్లో, వాక్యూమ్ లేకుండా: నలభై నిమిషాలు, ఏమీ కాలేదు. పరీక్ష రెండు, గాల్లో, వాక్యూమ్‌తో: ఏమీ కాలేదు. పరీక్ష మూడు, ఎండీఎఫ్ ముక్క పెట్టి, వాక్యూమ్‌తో: పదిహేడో నిమిషంలో ఆగింది. మళ్లీ చేశా, ఇరవై రెండో నిమిషంలో. గొట్టం దగ్గర చెయ్యి పెడితే నిజంగానే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఒకసారి చురుక్కుమని కూడా అంది. @రాగితీగ గారూ, ఇప్పుడేం చెయ్యాలి?

రాగితీగ
తొడుగు లేని రాగి తీగ ఒకటి గొట్టం లోపల ఈ చివర్నుంచి ఆ చివరి దాకా పరిచి, బయట కూడా ఇంకొకటి చుట్టి, రెండిటినీ కలిపి ఎర్త్‌కి కట్టు. మిషన్ చట్రాన్ని కూడా అదే ఎర్త్‌కి విడిగా ఒక వైరుతో కలుపు. చట్రానికి పెయింటు ఉంటే బోల్టు కింద గీకి ఇనుము బయటపడ్డాకే బిగించాలి, పెయింటు మీద బిగిస్తే అలంకారమే. యూఎస్‌బీ కేబుల్ పొట్టిది, షీల్డు ఉన్నది వాడు, దాన్ని స్పిండిల్ వైరు పక్కపక్కనే తీసుకెళ్లకు. రెండూ ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు.

అన్నిటికంటే ముందు, నీ గ్యారేజీ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించుకో. మూడు కంతలు ఉన్నంత మాత్రాన వెనక మూడు వైర్లు ఉన్నట్టు కాదు.

పెట్టెలో_పెట్టె
లోపల తీగ అవసరమా? పొడుగాటి చెక్క పేడు దానికి చిక్కుకుంటే గొట్టం మూసుకుపోతుంది. నేను యాంటీ స్టాటిక్ గొట్టం కొనుక్కున్నా, గొడవ వదిలింది.

రాగితీగ
అది ఉంటే అదే మేలు. కానీ దానికీ చివర ఎర్త్ తగలాలి. ప్లాస్టిక్ మూతి ఉన్న వాక్యూమ్‌కి తగిలిస్తే ఛార్జి ఎక్కడికీ పోదు.

పెట్టెలో_పెట్టె
ఆ సంగతి తెలీదు. చూస్తా.

వైరులేనిమనిషి
ఇదంతా చదివాక నా సమస్య చాలా చిన్నదనిపిస్తోంది. గ్యారేజీలో వైఫై రాదు. షటర్ దించితే అస్సలు రాదు.

బుల్లిపెట్టె
షటర్ ఇనుముది, సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ వదిలేసి 2.4 కి మార్చి చూడు, గోడల్లోంచి అదే కాస్త బాగా వస్తుంది. అదీ కాకపోతే కేబుల్ లాగెయ్యి, 100 మీటర్ల దాకా మామూలు నెట్‌వర్క్ కేబుల్ సరిపోతుంది.

రాగితీగ
గ్యారేజీ ఇంటికి అతికే ఉంటే కేబుల్ లాగు. విడిగా ఉండి బయటినుంచి లాగాలంటే ఫైబర్ వెయ్యడం మంచిది. పిడుగు పడినప్పుడు రాగి కేబుల్ రెండు వైపులా ఉన్నవాటిని కాల్చేస్తుంది, ఫైబర్‌లో కరెంట్ పారదు.

రంపపుమోత
కంప్రెసర్ గాలితో కంప్యూటర్ దులిపే వాళ్లెవరైనా ఉంటే ఆపండి. ఆ గాలిలో నీళ్లుంటాయి, నూనె ఉంటుంది. ఒకవేళ కొట్టినా ఫ్యాన్ రెక్కని పుల్లతో ఆపి పట్టుకుని కొట్టండి, లేకపోతే బొంగరంలా తిరిగి బేరింగు పోతుంది. ఎలా తెలుసు అని అడక్కండి.

చెక్కపొడి_మనిషి
రెండు వారాల తర్వాత వచ్చా. డెస్క్‌టాప్ శుభ్రం చేసి ఇంట్లోకి పంపించేశా. ఫ్యాన్ లేని మినీ పీసీ ఒకటి గోడకి బిగించా, ఉలి కొట్టే బల్లకి దూరంగా, ఛాతీ ఎత్తులో, ఎస్‌ఎస్‌డీతో. గ్యారేజీ సాకెట్ చూపిస్తే ఎర్త్ వైరు ఉంది గానీ లోపల వదులుగా ఊగుతోందట, బిగించారు. గొట్టం లోపలా బయటా రాగి తీగ పడింది. మిషన్ చట్రం పెయింటు గీకి బోల్టు వేశా.

నిన్న అదే మూడు గంటల ఫైలు పెట్టా. వాక్యూమ్ ఆన్, ఎండీఎఫ్. ఒక్కసారి కూడా ఆగలేదు. గంటంపావు దాకా పక్కనే కుర్చీ వేసుకుని గొట్టం వైపే చూస్తూ కూర్చున్నా.

అయినా ముక్క పాడైంది. జడ్ సున్నా, అంటే కోత లోతు లెక్క మొదలయ్యే ఎత్తు, రెండు మిల్లీమీటర్లు పైకి పెట్టా. మూడు గంటలు కష్టపడి పైపైన గీతలు గీసింది, అంతే.

రాగితీగ
దానికి ఎర్త్ పనికిరాదు.

సగంపని
@పెట్టెలో_పెట్టె ఆ ఫిల్టర్ పెట్టె కొలతలు ఇస్తారా? పెయింటు డబ్బాలు తీసేశా, నాలుగో పక్క కొడదామని.

పెట్టెలో_పెట్టె
కంప్యూటర్ కొలతకి చుట్టూ నాలుగు అంగుళాలు ఖాళీ వదులు, వెనక వైర్లకి ఆరు. తలుపు పైకి తెరుచుకునేలా కాకుండా పక్కకి పెట్టు, పైకి తెరిస్తే మూత మీది పొట్టంతా లోపలే పడుతుంది.

సగంపని
మూడు పక్కలూ పైకి తెరిచే కొలతలకే కోశాను 😑